మలేరియా బిళ్ల నాకెందుకంటే

నాకు లూపస్ ఉంది, అంటే ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. ఇప్పుడు బాగానే ఉన్నాను, రోజూ సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ లారీల్నీ దాటించే పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం వెళ్లి పిల్లలకి బయాలజీ చెప్పి వస్తున్నాను. ఇది రాస్తున్నది జబ్బు గురించే అయినా, అసలు కారణం దానికి ఇచ్చిన ఒక బిళ్ల. హైడ్రాక్సీక్లోరోక్విన్. అది మలేరియా మందని అందరికీ తెలుసు, అందుకే ఇంట్లో, వీధిలో, మందుల షాపులో అందరిదీ ఒకటే ప్రశ్న: నీకు మలేరియా ఎప్పుడొచ్చింది?

మొదలైంది ఎండాకాలంలో. పొద్దున్నే లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు, చాక్‌పీసు పట్టుకుంటే జారిపోయేది, జడ వేసుకోవడానికి మా ఆడపడుచుని పిలవాల్సి వచ్చేది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. మా వైపు జ్వరమూ కీళ్ల నొప్పులూ కలిసొస్తే ముందు చికెన్‌గున్యా అనే అంటారు, ఆర్ఎంపీ గారూ అదే అని ఏదో ఇంజెక్షన్ ఇచ్చారు, కొన్నాళ్లు హాయిగా ఉంది, మళ్లీ మామూలే. ఈలోగా బుగ్గల మీద ఎర్రగా మచ్చ తేలింది. ముక్కు మీదుగా రెండు బుగ్గలకీ పాకింది గానీ, ముక్కు పక్కన మూతి వైపు దిగే మడతల్లో మాత్రం చర్మం మామూలుగా ఉంది. "వేడి చేసిందమ్మాయ్, బొండాలు తాగు" అన్నారు మా అత్తయ్య. కోనసీమలో బొండాలకి కొదవేముంది, తాగాను. పాదాలు వాచి, మూత్రంలో నురగ కనిపించేసరికి మా ఆయనకి కాళ్లూ చేతులూ ఆడలేదు, నరసాపురంలో రైలెక్కి విజయవాడ తీసుకెళ్లారు.

రిపోర్టుల్లో చికెన్‌గున్యా లేదు. ఏఎన్ఏ (సొంత కణాల కేంద్రకం మీదే తయారైన యాంటీబాడీలు) పాజిటివ్, డబుల్ స్ట్రాండెడ్ డీఎన్ఏ మీద యాంటీబాడీలు ఎక్కువ, రోగనిరోధక పోరులో వాడే సీ3, సీ4 అనే రక్తంలోని ప్రోటీన్లు తక్కువ, మూత్రంలో ప్రోటీన్. తర్వాత కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ. తేలింది లూపస్, కిడ్నీకీ పాకింది. ఆ డీఎన్ఏ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పదో తరగతి పిల్లలకి ఆ నిచ్చెన బొమ్మ ఎన్నిసార్లు వేశానో, ఇప్పుడు నా ఒంట్లోని డీఎన్ఏ మీద నా ఒళ్లే యుద్ధానికి దిగిందట!

కీళ్ల డాక్టరు గారు ఓపికగా చెప్పారు, మిగతాది నేను చదువుకున్నాను. మన ఒంట్లో రోజూ కణాలు చస్తూనే ఉంటాయి. వాటి లోపలి డీఎన్ఏ, ఆర్ఎన్ఏ బయట పడకముందే శుభ్రం చేసే ఏర్పాటు ఉంటుంది. లూపస్‌లో ఆ శుభ్రం సరిగ్గా సాగదు. మిగిలిన ముక్కలకి యాంటీబాడీలు అతుక్కుంటాయి, ఆ ముద్దల్ని కొన్ని రోగనిరోధక కణాలు లోపలికి మింగుతాయి. ఆ కణాల లోపల చిన్న సంచుల్లో టీఎల్ఆర్7, టీఎల్ఆర్9 అనే గ్రాహకాలు కాపలా ఉంటాయి. మొదటిది ఆర్ఎన్ఏని, రెండోది డీఎన్ఏని పసిగడుతుంది. అవి ఉన్నది వైరస్‌ల కోసం. కానీ చీకట్లో ఇంటాయన్నే చూసి మొరిగే కుక్కలాగా, సొంత సరుకునే చూసి వైరస్ వచ్చిందని గోల చేస్తాయి. ఆ గోల పేరు ఇంటర్‌ఫెరాన్, మిగతా కణాలని హెచ్చరించే ప్రోటీన్. ప్లాస్మసైటాయిడ్ డెండ్రిటిక్ కణాలు అని కొన్ని దాన్ని కుమ్మరిస్తాయి. ఫ్లూ వచ్చినప్పుడు ఒళ్లు హూనం అయ్యేదీ ఎక్కువగా దానివల్లే, అంటే వైరస్ లేకుండానే నేను నెలల తరబడి ఫ్లూ పడ్డానన్నమాట. ఇంటర్‌ఫెరాన్ చూసి బీ కణాలు ఇంకా యాంటీబాడీలు చేస్తాయి, వాటితో ఇంకా ముద్దలు, అవి కిడ్నీ వడపోతల్లో చిక్కుకుని వాపు. సీ3, సీ4 ఆ పోరులో ఖర్చయిపోతాయి, అందుకే రిపోర్టులో తగ్గాయి.

ఎండ సంగతీ అప్పుడే అర్థమైంది. అతినీలలోహిత కిరణాలకి చర్మ కణాలు చస్తాయి, చస్తే డీఎన్ఏ బయట పడుతుంది, ఇక పైన చెప్పిందంతా మొదలు. పంటు మీద నెత్తిన ఎండ, నీళ్ల మీంచి కొట్టే ఎండ, రెండూ మొహానికే. వేసవిలోనే ఎందుకు ముదిరిందో వేరే చెప్పక్కర్లేదు.

బిళ్ల చేసే పని ఆ సంచుల దగ్గరే. హైడ్రాక్సీక్లోరోక్విన్ అక్కడ పేరుకుని టీఎల్ఆర్7, 9లకి ఆ ముక్కలు అందకుండా అడ్డుపడుతుంది. మలేరియా మందులు లూపస్‌కి పనికొస్తాయని ఈ గ్రాహకాల ఊసు తెలియకముందే గమనించారు, 1951లోనే పేజ్ అనే డాక్టరు మెపాక్రిన్ అనే ఇంకో మలేరియా మందు గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. ఇది మందకొడి మందు, గుణం కనిపించడానికి నెలలు పడుతుంది. అంతవరకూ స్టెరాయిడ్, కిడ్నీ కోసం రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫినోలేట్. స్టెరాయిడ్‌తో మొహం పూర్ణం బూరెలా అయింది, రాత్రి నిద్ర లేదు, ఆకలి మాత్రం ఆగదు, ఉత్తి పుణ్యానికి పిల్లల మీద అరిచేదాన్ని. మైకోఫినోలేట్ వాడినంత కాలం గర్భం రాకూడదన్నారు. రెండో బిడ్డ మాట ఎత్తబోయిన అత్తయ్యకి మా ఆయనే చెప్పారు, ఆవిడ మళ్లీ అడగలేదు. అందుకు ఆవిడకి నేను రుణపడి ఉన్నాను.

ఇంకో సంగతి. లూపస్ వచ్చేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే. టీఎల్ఆర్7 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. మన ఆడవాళ్లకున్న రెండు ఎక్స్‌లలో ఒకటి మూతపడి ఉండాలి గానీ, కొన్ని కణాల్లో ఈ జన్యువు ఆ మూతని తప్పించుకుంటుంది, దాంతో ఆ కాపలా గ్రాహకం ఎక్కువగా తయారవుతుంది. హార్మోన్లూ ఇంకా చాలా ఉన్నాయిలెండి, ఇదొక్కటే కారణం కాదు. కానీ "ఏం తిన్నావమ్మా, ఏం చేశావమ్మా" అని అడిగేవాళ్లకి నేనిదే చెబుతున్నాను.

నురగ తగ్గింది, పాదాల వాపు పోయింది, నుదుటి దగ్గర ఊడిన జుట్టు పొట్టిగా మొలిచింది. స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాములకి దిగింది. యాంటీబాడీలు ఇంకా కొంచెం ఉన్నాయి, సీ3 మాత్రం మామూలుకి వచ్చింది. ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాన్నే మూసేసే అనిఫ్రోలుమాబ్ అనే మందుకి 2021లో అమెరికాలో అనుమతి వచ్చిందని చదివి అడిగితే, నీకు దాని అవసరం లేదన్నారు డాక్టరు గారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ బిళ్ల మాత్రం ఆపకూడదు. ఒంటి బరువు కేజీకి రోజుకి 5 మిల్లీగ్రాములు మించకూడదు, ఏళ్ల తరబడి వాడితే కంటి లోపలి రెటీనా పొర దెబ్బతినే ప్రమాదం ఉంది, నాలా కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఇంకా జాగ్రత్త కావాలి. వేసవి సెలవుల్లో ఆ కళ్ల పరీక్షకి వెళ్లాలి. ఈలోగా పంటు మీద పొడుగు చేతుల జాకెట్టు, గొడుగు, లారీ ఉంటే దాని నీడ. పంటు నడిపే సరంగు గారు ఈమధ్య నన్ను చూడగానే లారీ ఏ పక్కన ఎక్కించారో చెప్పేస్తున్నారు.