ఎర్రగడ్డ స్టేషన్‌లో దిగడానికి నాకు పట్టిన కాలం

హైదరాబాదులోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదహారేళ్లుగా తెలుగు చెబుతున్నాను. 2021 సెప్టెంబరులో బడులు తిరిగి తెరిచాక, కొవిడ్‌లో తండ్రిని పోగొట్టుకున్నవారు, సాయంత్రాలు పనికి పోతున్న పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి నాతో గోడు చెప్పుకునేవారు. మొదటి ఏడాది వాళ్లతో పాటు ఏడ్చాను. మూడో ఏడాదికి, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె రాత్రి తన తల్లి తిన్న దెబ్బల గురించి చెబుతుంటే, నా చూపు దిద్దవలసిన పరీక్ష పేపర్ల మీదే ఉండిపోయింది. ఆమె సగంలో ఆపి, “మళ్లీ వస్తాను మేడమ్” అని వెళ్లిపోయింది. ఆ పూట నన్ను చూసి నాకే భయం వేసింది.

అప్పటికే నిద్ర సరిగా పట్టడం లేదు, ఇంట్లో నా కొడుకును అయినదానికీ కానిదానికీ కసురుకుంటున్నాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే, అవతలి ఆవిడ ఓపికగా విని, వైద్యులను నేరుగా కలవమన్నారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల అనగానే నా గొంతు పూడుకుపోయింది. ఈ ఊళ్లో పెరిగినవారికి ఆ పేరు చిన్ననాటి నుంచీ ఒక తిట్టు. నా తరగతిలో పిల్లలు ఒకరినొకరు ఆ మాటతో వెక్కిరించుకుంటే ఎన్నోసార్లు వారించిన నేనే, ఎవరైనా చూస్తారేమోనన్న వెరపుతో రెండు వారాలు వాయిదా వేసి, చివరికి ముఖానికి చున్నీ చుట్టుకుని మెట్రో దిగాను. ఓపీలో నా పక్కన బడి యూనిఫాంలో ఉన్న కొడుకుతో ఒక తండ్రి కూర్చుని ఉన్నాడు. చున్నీ తీసేశాను.

సైకాలజిస్టు ముప్పై వాక్యాల పత్రం ఇచ్చి, గడిచిన ముప్పై రోజుల్లో ఒక్కొక్కటీ ఎంత తరచుగా అనిపించిందో ఒకటి నుంచి ఐదు వరకు గుర్తించమన్నారు. అది రోగనిర్ధారణ కాదని, సాయం చేయడంలోని తృప్తిని, పని వల్ల కలిగే అలసటను, ఇతరుల గాయాలు వినీవినీ మనలో చేరే ఒత్తిడిని విడివిడిగా చూపుతుందని వివరించారు. ఈ స్థితికి ‘కరుణా అలసట’ (కంపాషన్ ఫెటీగ్) అనే పేరును 1992లో నర్సుల విషయంలో వాడారట. నాలో తృప్తి ఇంకా మిగిలే ఉందని విన్నప్పుడు అక్కడే ఏడ్చాను.

ఆ అమ్మాయిని నేనే పిలిచి, పేపర్లు పక్కన పెట్టి, పూర్తిగా విన్నాను. ప్రధానోపాధ్యాయురాలితో కలిసి పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేశాను. అంతకుముందైతే ఆ భారమంతా ఇంటికి మోసుకుపోయేదాన్ని. ఇప్పుడు నెలకు రెండుసార్లు కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాను. నిద్ర ఇంకా పూర్తిగా కుదుటపడలేదు.