హాల్లో ఒక్క కనెక్షను, మూడు గదుల్లో నెట్: నాలుగు ఆదివారాల పని

మాది కాకినాడలో 20 ఏళ్ల కిందట కట్టిన డాబా ఇల్లు. ఫైబర్ కనెక్షను హాల్లో టీవీ పక్కన దిగింది, ప్లాను 150 ఎంబీపీఎస్. కానీ నెట్ కావలసిన కంప్యూటర్లు రెండూ హాల్లో లేవు. చెల్లి మేడ మీద గదిలో ఆఫీసు పని చేసుకుంటుంది, నాన్నగారి కంప్యూటరు వెనక గదిలో ఉంటుంది. మధ్యలో 9 అంగుళాల ఇటుక గోడలు, పైన ఇనుప చువ్వల శ్లాబు. హాల్లో 148 చూపించే వైఫై, చెల్లి బల్ల దగ్గర ఆరో ఏడో చూపించేది. మీటింగు మధ్యలో "అన్నయ్యా, మళ్లీ పోయింది" అని మెట్ల మీంచి కేక వినబడితే నాకు టెన్షన్.

ముందు వైఫై సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే రిపీటరు పెట్టి చూశాను. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, స్పీడు మాత్రం లేదు. ఒక్క రేడియోతోనే తీసుకోవడం, దాంతోనే పంపడం కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. దాన్ని తీసేసి, గదికో వైరు లాగాలని నిర్ణయించుకున్నాను.

మొదటి ఆదివారం కొలతలు, కొనడం. మేడ గదికి 18 మీటర్లు, వెనక గదికి 11. ఈథర్‌నెట్ వైరు (కంప్యూటర్లను కలిపే నెట్‌వర్కు వైరు) 100 మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి దూరం గురించి బెంగ లేదు. క్యాట్ 6 రకం ఈథర్‌నెట్ వైరు 40 మీటర్లు తీసుకున్నాను. కొట్లో తక్కువ ధరకు ఇంకొకటి చూపించారు. తీగ కొస బ్లేడుతో గీకితే పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. అది వద్దన్నాను. గోడలో ఒకసారి వేసిన వైరు మళ్లీ తీయలేం, అక్కడ వంద మిగుల్చుకోవడం తప్పు లెక్క.

రెండో ఆదివారం లాగుడు. మేడ గదికి దారి గోడలోనే దొరికింది. పాత కేబుల్ టీవీ వైరు ఇంకా దాని పైపులోనే ఉంది, కరెంటు వైర్లు అందులో లేవు. ఆ పాత వైరు కొసకి కొత్త వైరు కట్టి, ముడి లావు కాకుండా ఇన్సులేషన్ టేపు సన్నగా చుట్టాను. కింద నాన్నగారు టాల్కం పౌడరు రాస్తూ వైరు అందిస్తుంటే, పైన నేను లాగాను. వంపు దగ్గర ఒకసారి బిగుసుకుంది. బలంగా లాగితే లోపలి జతలు సాగి పాడవుతాయి, అందుకని కాస్త వెనక్కి వదిలి మళ్లీ లాగాం. ముడి పైకి కనబడగానే "వచ్చేసిందా ఒరేయ్?" అని కింది నుంచి నాన్నగారి గొంతు. ఆ పూట ఇద్దరం ఎంత సంతోషపడ్డామో. వెనక గదికి పైపు లేదు. గోడ అడుగున కేసింగ్ పట్టీ కొట్టి, కరెంటు వైర్లకు జానెడు ఎడంగా తీసుకెళ్లాను.

మూడో ఆదివారం కొసలకు ప్లగ్గులు. పైతొడుగు అంగుళం ఒలిచి, నాలుగు మెలికల జతలూ విప్పి, వేళ్లతో నిఠారుగా సాగదీయాలి. వరస ఇది: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. ప్లగ్గు క్లిప్పు కిందికి పెట్టి పట్టుకుంటే వైట్ ఆరెంజ్ ఎడమ చివర రావాలి. రెండు కొసల్లోనూ ఇదే వరస. కొసలు సమంగా కత్తిరించి ప్లగ్గులోకి తోసి, ఎనిమిదీ అంచు దాకా చేరాయో లేదో ఎదురు వెలుగులో చూసి, అప్పుడే క్రింపింగ్ టూలు నొక్కాలి.

ఆ చూడడం ఒక కొస దగ్గర తప్పిపోయింది. మేడ మీద నెట్ వచ్చింది గానీ ఎన్నిసార్లు పరీక్షించినా 94 దగ్గరే ఆగిపోతోంది. 94 అంటే వైరు లింకు 100 ఎంబీపీఎస్‌కి పడిపోయిందని గుర్తు. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి, అంటే 1000కి, నాలుగూ కావాలి. ఒక్కో తీగకూ ఒక్కో లైటు వెలిగే నెట్‌వర్కు వైరు టెస్టరు పెడితే ఏడో లైటు వెలగలేదు. భూతద్దంలో చూస్తే వైట్ బ్రౌన్ తీగ అంచుకు ఒక బియ్యపు గింజంత వెనకే ఆగిపోయింది. ప్లగ్గు కోసేసి కొత్తది వేశాను. స్పీడు 150 దాటింది.

మేడ గదిలో ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ (ఒక వైరులోని నెట్‌ని ఎక్కువ పరికరాలకు పంచే పెట్టె) పెట్టాను. దానికి ఒకవైపు చెల్లి ల్యాప్‌టాపు, ఇంకోవైపు ఫోన్లకు వైఫై ఇవ్వడానికి మా పాత రూటరు. ఇక్కడే రెండు రోజులు పోయాయి. మర్నాడు పొద్దున నాన్నగారి కంప్యూటరుకి నెట్ లేదు, చెల్లికి ఉంది. మధ్యాహ్నానికి చెల్లికి పోయింది, నాన్నగారికి వచ్చింది. వైర్లన్నీ మళ్లీ పరీక్షించాను, అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి నెట్ రాని కంప్యూటరులో ఐపీకాన్ఫిగ్ అనే కమాండు కొట్టి చూస్తే, రూటరు దానికి ఇచ్చిన నెట్‌వర్కు అడ్రసు 192.168.0.103. మా హాలు రూటరు ఇచ్చేవి 192.168.1తో మొదలవుతాయి. అంటే పాత రూటరు కూడా అడ్రసులు పంచుతోంది. ఎవరు ముందు పలికితే వాళ్ల అడ్రసే కంప్యూటరు తీసుకుంటుంది, పాతదాని వెనక నెట్ లేదు.

పాత రూటరు సెట్టింగుల్లో దాని అడ్రసు 192.168.1.2 చేసి, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేశాను. హాలు రూటరు పంచే అడ్రసుల చివరి సంఖ్య 100 నుంచి మొదలు కాబట్టి 2తో గొడవ రాదు. స్విచ్ నుంచి వచ్చే వైరు పాతదాని వాన్ పోర్టులో (బయటి కనెక్షనుది) కాకుండా లాన్ పోర్టులో (ఇంట్లో కంప్యూటర్లది) ఉండాలి. వైఫై పేరు, పాస్‌వర్డు హాల్లోవే ఇచ్చి, రెండు సిగ్నళ్లూ ఒకదానికొకటి అడ్డు రాకుండా వైఫై ఛానెల్ మాత్రం హాల్లో 1, పైన 11 పెట్టాను. ఇప్పుడు నాన్నగారి గదిలోని ప్రింటరుకి చెల్లి పై నుంచే కాగితాలు పంపుతోంది.

నాలుగో ఆదివారం కరెంటు సంగతి. హాలు రూటరు ఇన్వర్టరు మీద ఉంది, మేడ మీద ప్లగ్గుకి ఆ లైను లేదు. అడాప్టర్ల వెనక చదివితే స్విచ్‌కి 5 వోల్టులు, పాత రూటరుకి 9. రెండూ ఇచ్చే చిన్న యూపీఎస్ దొరికింది. పిన్ను పట్టింది కదా అని ఏ వోల్టేజికి పడితే దానికి గుచ్చకుండా, తీగలకు 5, 9 అని కాగితం అంటించాను. నిన్న సాయంత్రం 40 నిమిషాలు కరెంటు పోయింది. మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. చెల్లి మీటింగులో మాట్లాడుతూనే ఉంది.

వైరు 8 మీటర్ల దాకా మిగిలింది. కేసింగ్ పట్టీకి గోడ రంగు వేయాలి.