రోజాపూల కింద ఉన్న రొట్టె

పాఠశాలల ప్రార్థనా మందిరాల్లోని రంగుటద్దాల కిటికీలలో హంగేరీ పునీత ఎలిజబెతమ్మ ఒడి నిండా రోజాపూలతో నిలబడి ఉండడం చాలామంది చూసే ఉంటారు. పేదలకు రొట్టెలు తీసుకువెళుతుండగా దారిలో ఎదురైన వారికి ఆమె ఒడిలో పూలు కనిపించాయన్న కథకు అది చిత్రరూపం. అందమైన కథే గాని, ఆమెతో కలిసి బతికిన పరిచారికలు ఇచ్చిన సాక్ష్యంలో అది లేదు. జర్మనీలోని మార్బుర్గ్‌లో ఆమె సమాధి మీద కట్టిన దేవాలయంలో, 13వ శతాబ్దపు కిటికీ ఒకటి ఇప్పటికీ ఉంది. అందులో ఆమె ఆకలిగొన్నవారికి అన్నం పెడతారు, దప్పిగొన్నవారికి నీళ్లిస్తారు, బట్టలు లేనివారికి బట్టలిస్తారు, రోగులను, చెరసాలలో ఉన్నవారిని పరామర్శిస్తారు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ప్రభువు తీర్పు దినాన అడుగుతానన్న పనులు ఇవే.

ఎలిజబెతమ్మ 1207లో హంగేరీ రాజు రెండవ ఆండ్రూ కుమార్తెగా పుట్టి, నాలుగేళ్ల వయసులోనే జర్మనీలోని తురింగియాకు కాబోయే కోడలిగా వెళ్లారు. 1221లో ఆ తురింగియా పాలకుడు లుడ్విగ్ ప్రభువును పెళ్లాడారు. పేదరికాన్నే వ్రతంగా ఎంచుకున్న అసీసీ ఫ్రాన్సిస్ వారి సహోదరులు (ఫ్రాన్సిస్కన్లు) ఆ ప్రాంతానికి వచ్చాక వారి పేదరికం ఆమె మనసును పట్టుకుంది.

నన్ను ఎక్కువగా కదిలించేది భోజనాల బల్ల దగ్గర ఆమె పాటించిన నియమం. వడ్డించిన ప్రతి పదార్థం ఎక్కడిదని అడిగేవారు. రైతుల దగ్గర అన్యాయంగా గుంజుకున్నదైతే, భర్త పక్కన రాణిలా కూర్చుని కూడా ముట్టేవారు కాదు. అన్నం న్యాయమైనదై పానీయం కాకపోతే, “ఈ రోజు తినడమే, తాగడం లేదు” అన్నట్టుగా పరిచారికలతో చెప్పేవారు. రెండూ న్యాయమైనవని తేలితే చప్పట్లు కొట్టి సంతోషించేవారు. దానం చేసే చేతిని లోకం మెచ్చుకుంటుంది గాని, కంచంలోకి వచ్చినదాని పుట్టుక అడిగే నోటిని అంత సులభంగా మెచ్చుకోదు. కోటలోనూ సణుగుడు ఉండేది. లుడ్విగ్ మాత్రం అడ్డు చెప్పలేదు.

1226లో కరవు వచ్చినప్పుడు, భర్త ఇటలీలో ఉండగా, ఆమె గాదెలు తెరిపించి ప్రతిరోజూ పేదలకు తిండి పెట్టించారు. కోతలు రాగానే, పని చేయగలిగినవారికి కొడవళ్లు, చొక్కాలు, చెప్పులు ఇచ్చి పంపారు. కోసిన చేలో కొయ్యకాళ్లు పాదాలకు గుచ్చుకోకుండా ఉండాలని ఆ చెప్పులు! మన ఊళ్లలో కోత చేలో ఒట్టికాళ్లతో నడిచినవారికి ఆ ఒక్క వస్తువు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఎదుటివారి పాదం దాకా ఆలోచించిన దానమది.

1227లో లుడ్విగ్ క్రూసేడుకు, అంటే పవిత్ర భూమి కోసం సాగిన మతయుద్ధానికి వెళుతూ, ఇటలీలోని ఒట్రాంటోలో జ్వరంతో మరణించారు. మరుసటి సంవత్సరం గుడ్ ఫ్రైడే నాడు, ఐసెనాక్‌లోని ఫ్రాన్సిస్కన్ సహోదరుల మందిరంలో బలిపీఠం మీద చేతులుంచి, ఆమె లోకవైభవాన్ని వదులుకున్నారు. మార్బుర్గ్‌లో పునీత ఫ్రాన్సిస్ పేరున ఆసుపత్రి కట్టించి, బూడిదరంగు దుస్తులు ధరించి, రోగులకు స్వయంగా సేవ చేశారు. ఆమె ఆత్మగురువు కాన్రాడ్ ఆమెపట్ల చూపిన కాఠిన్యాన్ని పవిత్రతగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు; ఆమెలోని కరుణ ఆ కాఠిన్యం నుంచి పుట్టినది కాదు. ఒక రోజు తన భరణపు సొమ్ము పంచగా, రాత్రికి బలహీనులు కొందరు అక్కడే మిగిలిపోయారు. వారికి రొట్టెలు పెట్టించి, నెగళ్లు వేయించి, కాళ్లు కడిగించారు. వాళ్లు పాటలు అందుకున్నారు. “చెప్పాను కదా, మనుషులను సంతోషపెట్టాలి” అని ఆమె వారితో కలిసి ఆనందించారు.

1231 నవంబరు 17న, 24 ఏళ్లకే ఆమె కన్నుమూశారు. ఆ తేదీనే పండుగ. 1235లో తొమ్మిదవ గ్రెగొరీ పోపు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. అంతకుముందు జరిగిన విచారణలో, చిన్ననాటి నుంచి తోడున్న గూడా, ఆమెతో ఏళ్ల తరబడి మెలిగిన ఇసెంట్రూడ్, మరి ఇద్దరు పరిచారికలు సాక్ష్యమిచ్చారు. ఆ బల్ల గురించి, ఆ చెప్పుల గురించి మనకు తెలిసింది వారి నోటనే.