బీపీటీ గింజ పుట్టిన భావపురికి

మా ఇంట్లో బియ్యం అంటే బీపీటీయే. రాజేంద్రనగర్‌లో కాపురం పెట్టిన నాటి నుంచి కిరాణా కొట్టులో అమ్మ అడిగే మాట అదొక్కటే. ఆ మూడక్షరాలు బాపట్ల పేరు నుంచి వచ్చినవని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఆ ఊరి భావనారాయణ స్వామిని దర్శించుకోవాలని, మా కంచంలోకి వస్తున్న గింజ పుట్టిన నేలకు కూడా ఒకసారి మొక్కి రావాలని కోరిక ఉండేది. పోయిన కార్తీక మాసంలో అమ్మను వెంటబెట్టుకుని నాంపల్లిలో రాత్రి రైలెక్కాను.

తెల్లవారకముందే బాపట్లలో దిగి, స్నానాలు ముగించుకుని గుడికి నడిచాము. భావనారాయణుడు వెలసినందువల్లనే ఈ ఊరికి భావపురి అనే పేరు వచ్చిందని, అదే క్రమంగా బాపట్ల అయిందని చెబుతారు. పొన్నూరు, భావదేవరపల్లి, సర్పవరం, పట్టిసీమలతో కలిపి దీనిని పంచ భావనారాయణ క్షేత్రాలలో ఒకటిగా కొలుస్తారు. ఇక్కడి స్వామి క్షీర భావనారాయణుడు. రాతి స్తంభాల మీద చెక్కిన పాత శాసనాల లిపి నాకు చదవరాలేదు కానీ, వెలనాటి చోడుల నాటి నుంచి ఎందరో దీపం పెట్టి దండం పెట్టుకున్న చోటే అమ్మ కూడా ఉసిరికాయ మీద వత్తి వెలిగించి నిలబడినప్పుడు, ఆ వరుసలో మేమూ చేరామన్న తృప్తి కలిగింది.

తెలుగువారంతా ఈ ఊరిని తలుచుకోవడానికి మరో కారణం ఉంది. మొదటి ఆంధ్ర మహాసభ 1913లో బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షతన జరిగింది ఇక్కడే. అక్కడ చర్చకు వచ్చిన ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం నలభై ఏళ్లకు, 1953లో ఏర్పడింది. బాపట్ల 2022లో జిల్లా కేంద్రం కూడా అయింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా లాగింది మాత్రం పొలాలే. 1945లో వ్యవసాయ కళాశాల వెలసిన ఊరిది. ఇక్కడి శాస్త్రజ్ఞులు జీఈబీ 24 అనే వరి రకాన్ని తైవాన్ పొట్టి రకమైన తైచుంగ్ నేటివ్-1తో సంకరపరచి, ఆ సంతతిని మలేసియా మసూరితో కలిపి రూపొందించిన సన్నరకమే 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి. అన్నానికి ఇంత రుచినిచ్చే ఈ పైరుకు ఎండాకు తెగులు పెద్ద శత్రువు. దానిని తట్టుకునే మూడు జన్యువులను చేర్చి మెరుగుపరచిన సాంబ మసూరిని 2008లో అందించినవి మా హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థలే. ఆ రెండో సంస్థ మా రాజేంద్రనగర్‌లోనే ఉంది. బాపట్లలో పుట్టిన బిడ్డకు మా ఊళ్లో వైద్యం జరిగినట్టు నాకు తోచి, ఎంతో గర్వంగా అనిపించింది.

సముద్రం వైపు వెళ్తుంటే దారి పక్క గట్టు మీద ఒక పెద్దాయన కనిపించారు. మేము హైదరాబాద్ నుంచి వచ్చామని, ఆయన పండించే బియ్యమే తింటామని అమ్మ చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఒక కంకి వంచి, గింజను గోటితో నొక్కి చూపించారు. తెల్లని పాలు వచ్చాయి. “ఇప్పుడే పాలు పోసుకుంటంది తల్లీ. నెల రోజులు గాలివాన రాకుంటే చాలు” అన్నారు. పొద్దున క్షీర భావనారాయణుణ్ణి చూసి వచ్చిన కళ్లకు ఆ పాలచుక్క మరో దర్శనంగా తోచింది.

ఆయన భయం ఉత్తది కాదు. దాదాపు 150 రోజుల ఈ పంట చేతికొచ్చే వేళకే బంగాళాఖాతంలో తుపానులు లేస్తాయి. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన తుపాను ఈ తీరాన్నీ వదలలేదు. అదీ కార్తీక మాసమే.

సూర్యలంక తీరం ఊరికి సుమారు తొమ్మిది కిలోమీటర్లు. దగ్గరయ్యే కొద్దీ వరి తగ్గి ఇసుక నేలలు, సరుగుడు తోటలు వచ్చాయి. కార్తీక స్నానానికి వచ్చినవారితో తీరమంతా నిండి ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగి, మూడుసార్లు తల మీద నీళ్లు చల్లుకుంది. మా ఇంట్లో పెళ్లీడుకొచ్చిన పిల్లలున్నారు, తీరని అప్పులున్నాయి. వాటిలో ఏదో ఒకటి కోరుకుంటుందనుకున్నాను. ఆమె సముద్రానికి చేతులెత్తి, “ఆయన కోతలయ్యేదాకా కాస్త నిమ్మళంగా ఉండు తల్లీ” అని మొక్కింది.