జనరేటర్ ట్రాలీ లాగే పికప్‌కి ఏ టైర్లు వేయించానంటే

పోయిన నెల బండికి నాలుగు టైర్లూ మార్చీసాను. కొనేముందు అడిగిన ప్రతివాడూ తలో మాట చెప్పి బుర్ర తిప్పీసాడు, అందుకే నాకు అనుభవంలో తెలిసింది ఇక్కడ రాసి పెడతన్నాను, ఎవరికైనా పనికొస్తాది.

మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి, టెంట్‌హౌస్ పని. పికప్‌లో షామియానా గుడ్డలు, కుర్చీలు, లైటింగ్ సామాను వేసుకుని, వెనకాల రెండు చక్రాల ట్రాలీ మీద జనరేటర్ తగిలించుకుని తిరుగుతాం. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇవాళ పాతపట్నం అంటే రేపు కాశీనగర్, ఎల్లుండి ఆర్.ఉదయగిరి ఘాటీ ఎక్కాలి.

మూడేళ్ళ కిందట కొండరోడ్డుకి బావుంటాయని పెద్ద పెద్ద బటన్లున్న, అంటే పైన రబ్బరు దిమ్మెలు లేచి ఉన్న టైర్లు వేయించాను. చూడ్డానికి బండి ఏనుగులా ఉండీది గానీ లీటరుకి 12 వచ్చీది పదిన్నరకి దిగిపోనాది, తారురోడ్డెక్కితే కేబిన్లో ఒకటే రొద, పక్కనున్న కుర్రాడితో మాట్లాడాలంటే అరవాల్సిందే. డీజిల్ ఆంధ్రా కన్నా మా ఒడిశా వైపు చవక, ఎప్పుడూ ఇటే కొట్టిస్తాం, అయినా నెలాఖరుకి లెక్క చూస్తే గుండె గుభేలుమనీది.

ఒక రాత్రి ఉదయగిరి నుంచి దిగుతుంటే బండి ఎడమపక్కకి లాగుతున్నట్టు అనిపించింది. కిందకొచ్చాక ఆపి వెనక టైర్ల మీద చెయ్యేసి చూశాను. కుడిది గోరువెచ్చగా ఉంది, ఎడమదాని మీద అరచెయ్యి ఆన్చలేకపోయాను, అంత కాలిపోతంది. వాల్వు మీద ఉమ్ము రాస్తే చిన్న బుడగ లేచింది. రోజూ కొంచెం కొంచెం గాలి పోతన్నాది, నేను చూసుకోలేదు.

మర్నాడు పంచర్ షాపు పెద్దాయన నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "నాయినా, గాలి తగ్గితే టైరు తిరిగిన ప్రతిసారీ నొక్కుకుని మళ్ళీ లేస్తాది, ఆ నలుగుడికే వేడెక్కుతాది, ఆ వేడంతా నువ్వు పోసిన డీజిలే" అన్నాడు. పెద్ద బటన్లు కూడా అలాగే ఎక్కువ నలుగుతాయంట. ఇంకోటి, ట్రాలీ బరువు ట్రాలీదే అనుకునేవాడిని నేను, కాదంట, దాంట్లో సుమారు పదోవంతు కొక్కెం మీద పడతాది, అంటే మన వెనక టైర్ల మీదే. బండిలో నిండా సామాను వేసి పైగా ట్రాలీ తగిలిస్తే వెనక టైర్లు ఎంత మోస్తన్నాయో నేను ఏనాడూ లెక్క కట్టలేదు.

అందుకే ఈసారి ముందు సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్కభాగం మీద, ఎంత బరువు మోస్తాదో చెప్పే నంబర్ చూశాను. 106 అంటే టైరు 950 కిలోలు మోస్తాది, 108 అంటే వెయ్యి. కంపెనీ ఇచ్చిన నంబర్ కన్నా తక్కువది ఎంత చవకగా వచ్చినా వద్దు. తర్వాత తయారీ తేదీ, చివర నాలుగంకెలు, 3424 అంటే 2024లో 34వ వారం. షాపతను ముందు రెండేళ్ళ పాత సరుకు తీశాడు, కొత్తది చూపించమంటే లోపలికెళ్ళి తెచ్చాడు, అడగాలి మరి.

డిజైను విషయానికొస్తే నిలువు గీతల రేడియల్ నాలుగూ వేయించాను. మా తిరుగుడు ఎక్కువ తారురోడ్డే, బురద పొలంలో పందిరి వేసేది ఏడాదికి నాలుగైదు సార్లు, అప్పుడు చక్రం కింద గోనెసంచి వేస్తే లేచిపోతాది. మోహన ఊరి వైపు కొండల్లో రోజూ మట్టిరోడ్డు మీద తిరిగేవాళ్ళయితే వెనక రెండూ బటన్లవే వేయించుకోండి, అక్కడ జారితే ప్రాణం మీదకొస్తాది.

గాలి మాత్రం ఖాళీకి ఒకటి, లోడుకి ఒకటి. మైలేజీ వస్తాదని ఖాళీ బండికి కూడా లోడు గాలి కొట్టిస్తే గుంతల్లో బండి ఎగిరెగిరి పడి సీరియల్ సెట్ల బల్బులు పగిలిపోయేవి, నా నడుం కూడా పట్టీసీది. ఇప్పుడు డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న లెక్కే, అదీ పొద్దున్న బండి తియ్యకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూస్తన్నాను. మళ్ళీ 12 దగ్గరకొచ్చింది మైలేజీ, కేబిన్లో మామూలుగా మాట్లాడుకుంటన్నాం.

ట్రాలీ టైర్లే మిగిలాయి. బటన్ కొత్తదానిలా ఉంది గానీ సీజన్ కానప్పుడు నెలల తరబడి ఎండలో నిలబడి సైడ్‌వాల్ అంతా నెర్రెలిచ్చింది, గోరు పెడితే దిగుతంది. ఉదయగిరిలో ఇంకో పెళ్ళి ఉంది, ఈలోగా అవీ మార్చీస్తాను.