రికార్డరు నాబ్ వదులైనప్పుడు: నా అనుభవం

గత సంక్రాంతికి మైదుకూరు దగ్గరి ఒక పల్లెలో, నాకు జేజి (నానమ్మ) వరసయ్యే ఒక పెద్దామె చేత గొబ్బిపాటలు పాడించి రికార్డు చేసుకున్నాను. ఆమె గొంతు సన్నం కాబట్టి రికార్డరులో గెయిన్ నాబ్‌లను (మైకు అందుకునే శబ్దాన్ని పెంచి తగ్గించే గుండ్రటి పిడులు, ఎడమ చానెల్‌కు ఒకటి, కుడిదానికి ఒకటి) 8 దాకా పెంచాల్సి వచ్చింది. అదే సాయంత్రం రామాలయం ముందు చెక్కభజన మొదలైంది. పదిమంది ఒకేసారి చెక్కలు కొడుతూ గంతు వేసే ఆ చప్పుడుకు 3 చాలునని నాకు ముందే తెలుసు కనుక, రెండు నాబ్‌లనూ 3కు తిప్పి, తృప్తిగా పక్కకు వచ్చి నిలబడ్డాను. కడపకు తిరిగి వచ్చి విన్నప్పుడు కుడి చానెల్ బాగుంది గాని, ఎడమ చానెల్ మొత్తం బరబరమంటూ చిట్లిపోయి ఉంది. ఎడమ నాబ్ మీది గుర్తు 3 దగ్గర ఉన్నా, దాని లోపలి కడ్డీ మాత్రం 8 దగ్గరే ఆగిపోయిందన్నమాట. ఇలాంటి డిజిటల్ రికార్డరులో శబ్దం, మీటరు మీద చివరి హద్దయిన 0 డెసిబెల్స్ దాటితే ఆ పైభాగం తెగిపోతుంది, తర్వాత ఎంత తగ్గించినా తెగిన ముక్క తిరిగి రాదు.

నిజానికి సూచన ముందే అందింది. పాటల మధ్యలో జేజి, ‘ఆ మర ఊగులాడుతుండాది చూడు నాయనా’ అని చెప్పనే చెప్పింది. నేనే పట్టించుకోలేదు.

వదులైన నాబ్‌కు ఎవరైనా మొదట చేసేది, చుక్క వేస్తే క్షణంలో పట్టేసే జిగురు పూయడం. ఆ పని నేను కొన్నేళ్ల కిందట ఒక చిన్న ఆడియో మిక్సరుకు చేసి, దాన్ని పాడు చేసుకున్నాను. నీళ్లలా పలచగా ఉండే ఆ జిగురు కడ్డీ వెంబడి సందుల్లోకి జారి, పొటెన్షియోమీటరు (నాబ్ కింద ఉండి, తిప్పినకొద్దీ శబ్దం మోతాదును మార్చే భాగం) లోపలికి దిగి, తిరగాల్సిన భాగాన్నే బిగించేసింది. అది చాలదన్నట్టు, దాని ఆవిరి చుట్టూ తెల్లటి పొరలా పేరుకుంది. ఆ నాబ్‌ను పీకబోతే కడ్డీ కూడా విరిగి చేతికొచ్చింది. అందువల్ల ఈసారి, మళ్లీ ఊడదీయడానికి వీలుకాని పని ఏదీ చేయకూడదని ముందే అనుకున్నాను.

ముందుగా తేల్చుకోవాల్సింది, ఊగుతున్నది ఏదన్న సంగతి. నాబ్ ఒక్కటే కడ్డీ మీద ఊగుతూ ఉండవచ్చు, కడ్డీయే పొటెన్షియోమీటరులో అరిగి ఊగుతూ ఉండవచ్చు, లేదా పొటెన్షియోమీటరు మొత్తంగా లోపలి సర్క్యూట్ బోర్డు మీద కదులుతూ ఉండవచ్చు. పైనుంచి వేలితో కదిపితే మూడూ ఒకేలా అనిపిస్తాయి. అందుకని బ్యాటరీలు తీసేసి, నాబ్‌ను ఊడదీశాను. స్క్రూడ్రైవరుతో ఎత్తితే రికార్డరు పైకప్పు మీద గాట్లు పడతాయి కనుక, గట్టి దారాన్ని నాబ్ కిందికి రెండు వైపులా పోనిచ్చి, రెండు కొసలూ కలిపి పట్టుకుని నిలువుగా పైకి లాగాను, టక్కున వచ్చింది. కొన్ని పరికరాల్లో నాబ్ పక్కన సన్నటి రంధ్రంలో చిన్న మర ఉంటుంది, అలాంటివాటికి సరిపడే సన్నటి అలెన్ కీతో (ఆరుపలకల కడ్డీతో) ఒకసారి బిగిస్తే కథ అక్కడికే ముగుస్తుంది. నాదానికి ఆ మర లేదు, కేవలం ఒత్తిడి మీద కూర్చునే రకం.

నాబ్ తీశాక కడ్డీని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ నెట్టి చూస్తే అది కదల్లేదు, తిప్పితే మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువుతో తిరిగింది. అంటే లోపం నాబ్‌లోనే ఉంది. దాన్ని తలకిందులు చేసి, ఫోను లైటు కింద భూతద్దం పెట్టి చూసేసరికి, కడ్డీని పట్టుకునే ప్లాస్టిక్ గొట్టం మీద పైనుంచి కింది దాకా వెంట్రుకంత సన్నటి చీలిక కనిపించింది. కడ్డీ అడ్డకోత ‘డి’ అక్షరంలా, ఒక వైపు చదునుగా ఉంటుంది. ఆ చదునే నాబ్‌ను జారకుండా పట్టి ఉంచుతుంది. గొట్టం చీలి వెడల్పయితే చదును మీద పట్టు పోయి, నాబ్ కడ్డీ చుట్టూ ఊరికే తిరుగుతుంది. మే నెలలో రికార్డరును కారులోనే వదిలేసే నా అలవాటు కూడా ఆ ప్లాస్టిక్‌కు మేలు చేసి ఉండదు.

చీలికకు కట్టు కట్టాను. నల్ల కుట్టుదారాన్ని గొట్టం చుట్టూ, వరసకు వరస ఆనుకునేలా, చీలిక మూసుకునేదాకా బిగించి తొమ్మిది చుట్లు చుట్టాను. అంతకు ముందే నాబ్ కింది గుంటలో ఆ దారం మందానికి చోటుందో లేదో చూసుకున్నాను. చోటు లేకపోతే నాబ్ కిందికి దిగకుండా పైకప్పుకు రాసుకుంటుంది. రెండు ట్యూబుల్లో వచ్చి, కలిపి వాడే ఎపాక్సీని పుల్ల మొనతో దారం మీద మాత్రమే పలచగా పూసి, నాబ్‌ను కడ్డీకి దూరంగా ఒక రోజంతా ఆరనిచ్చాను.

మరునాడు తొడిగి చూస్తే చాలావరకు పట్టింది గాని, ఇంకా కొంచెం వదులు మిగిలి ఉంది. ఇక్కడ ప్లంబర్లు కుళాయిల మరలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు పనికొచ్చింది. దాని మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. దాన్ని కడ్డీకి రెండు చుట్లు వేస్తే నాబ్ దిగనే లేదు, ఒక్క చుట్టుతో సరిగ్గా కూర్చుంది. టెఫ్లాన్ జారుడు పదార్థం కదా, పట్టు ఎలా వస్తుందని నాకూ అనుమానం వచ్చింది. తిరిగే బలాన్ని మోసేది కడ్డీ చదును, టేపు చేసేది సందును నింపడమే. పూర్తిగా గుండ్రంగా ఉండే కడ్డీకైతే ఇది పని చేయదు. నిలువు గాట్లతో, మధ్యలో చీలి ఉండే 6 మిల్లీమీటర్ల కడ్డీ అయితే, ఆ చీలికలో పలచని బ్లేడు పెట్టి రవ్వంత విప్పితే మళ్లీ బిగువు వస్తుంది. కాస్త ఎక్కువ విప్పితే విరుగుతుంది కాబట్టి అది ఓపిక ఉన్నవాళ్ల పని.

తొడిగేటప్పుడు బొటనవేలితో మెల్లగా, నిలువుగా నొక్కాను. ఆ ఒత్తిడంతా కింది బోర్డు మీదనే పడుతుంది మరి. తర్వాత ఫోనులో 1000 హెర్ట్జ్ ఈల శబ్దాన్ని పెట్టి, అడుగు దూరంలో ఉంచి, నాబ్‌ను 2 నుంచి 8 దాకా ఒక్కొక్క అంకె తిప్పుతూ మీటరు రీడింగులు రాసుకున్నాను, వెనక్కి తిప్పుతూ మరోసారి రాసుకున్నాను. రెండు వరసలూ కలిశాయి. అంటే నాబ్ జారడం లేదు.

అంతలో ఇంకో సంగతి గమనించాను. వదులైన నాబ్ చేసే చిటచిట చప్పుడు పరికరం పెట్టె గుండా నేరుగా మైకుల్లోకి ఎక్కుతుంది, జేజి పాటల్లో అక్కడక్కడా వినిపించింది అదే. నాబ్ కింద సన్నటి రబ్బరు రింగు వేయడంతో ఆ చప్పుడు ఆగిపోయింది, పైగా చొక్కా తగిలినా నాబ్ తనంతట తాను తిరగడం లేదు.

ఎడమదాని మీద గెలిచిన ధీమాతో కుడి నాబ్‌ను కూడా ఊడదీసి చూశాను. అక్కడ నాబ్ గట్టిగానే ఉంది, కడ్డీతో పాటు పొటెన్షియోమీటరు మొత్తం కదిలింది. నా రికార్డరులో దాన్ని పైకప్పుకు పట్టి ఉంచే నట్టు లేదు, బోర్డుకు పోసిన టంకమే ఆధారం, ఆ టంకం కాళ్లు వదులైనట్టున్నాయి. ఇది టేపుతోనో దారంతోనో పోయేది కాదు. కడపలో వైవీ స్ట్రీట్ దాపున రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోతే, ఆయన ముందుగా అడిగిన మాట, ‘గమ్మేమన్నా పూసినావా అప్పా?’ అని. లేదన్నాక గాని పెట్టె విప్పలేదు. పావుగంటలో పాత టంకం తీసి కొత్తది పోసి ఇచ్చాడు.

ఇప్పుడు రెండు నాబ్‌లూ 6 దగ్గర ఉంటే, ఎడమ చానెల్ కుడిదానికన్నా సుమారు ఒక డెసిబెల్ ఎక్కువ చూపిస్తోంది. ఆ తేడాను కాగితం ముక్క మీద రాసి రికార్డరు వెనక అంటించాను. చెక్కభజనను మాత్రం మళ్లీ రికార్డు చేయాలి, దానికి ఆ ఊరివాళ్లు శ్రీరామనవమికి రమ్మన్నారు.