ఆదివారం, ఓపెన్ టెన్త్ మొదటి క్లాసు

ఈరోజు కొత్త బ్యాచి వచ్చింది. నలభై దాటినవాళ్లంతా తలుపు పక్క బెంచీల్లోనే సర్దుకున్నారు. “ఈ వయసులో మాకు చదువెక్కుతుందాండీ?” ఎక్కుతుంది. ముందు చెయ్యి, కళ్లు దారిలో పడాలి.

ఓపెన్ స్కూల్లో టెన్త్‌కి 14 ఏళ్లు నిండితే చాలు, పైన వయసు హద్దు లేదు. పాసవ్వడానికి సబ్జెక్టుకి 35 మార్కులు. ఐదు సబ్జెక్టులూ ఒకే విడతలో గట్టెక్కాలని లేదు, పాసైనవి అలాగే నిలిచి ఉంటాయి. ఇల్లూ పనీ చూసుకునేవాళ్లు మొదటి విడతకి తమకు తేలికైన రెండు మూడు పేపర్లకే ఫీజు కట్టడం మంచిది. ఈ సంగతి తెలియకే సగం మంది హడలిపోతారు.

టైలరింగ్ చేసే ఒకావిడ పెన్నుని సూది పట్టినట్టు బిగించి పట్టుకున్నారు. అర పేజీకే బొటనవేలి మొదట్లో నొప్పి. పేజీ తిప్పితే అక్షరాలన్నీ వెనకవైపు తేలి ఉన్నాయి. ఏళ్ల తరబడి రాయని చేతికి ఇది మామూలే. పరీక్ష మూడు గంటలు. పాఠం వచ్చి కూడా ఆఖరి ప్రశ్నలు వదిలేసేది చెయ్యి లాగడం వల్లే. నొక్కక్కర్లేకుండా జారే జెల్ పెన్ను కొనుక్కోవాలి. మొదటి వారం రోజూ పది నిమిషాలు పుస్తకం చూసి ఎత్తి రాయాలి. రెండో వారం నుంచి చూడకుండా రాయాలి, వారానికో ఐదు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. పరీక్షకి నెల ముందు ఒక పాత ప్రశ్నపత్రం లేవకుండా మూడు గంటలూ కూర్చుని రాయాలి.

చదివితే తలనొప్పి అనేవాళ్లు ముందు కళ్లు చూపించుకోవాలి. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. అద్దాలతో పోయేదాన్ని “చదువు నాకు పడదు” అనుకుని మానేసేవాళ్లున్నారు, అదే నాకు బాధ.

పేజీ నిండా గీతలు గీస్తే అంతా వచ్చినట్టే అనిపిస్తుంది, హాల్లో గుర్తురాదు. పుస్తకం మూసి ఐదు ముక్కలు రాసి, తప్పిపోయినవి మళ్లీ చదువుకోవాలి. మర్నాడు పొద్దున్న అవే ఇంకోసారి.

హాల్లో గుండెదడ వస్తే నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. ఐదుసార్లు చాలు. తర్వాత బాగా వచ్చిన జవాబుతో మొదలుపెట్టాలి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు టిఫిన్ మానకూడదు. షుగరు పడిపోయినా చెమట, వణుకు వస్తాయి, అది భయమే అనుకుని ఊరుకుంటే ప్రమాదం.

ఇంకొకటి, దరఖాస్తులో పేరు, పుట్టినతేదీ. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లకి ఆధార్‌లో ఒకటి, పాత స్కూలు కాగితంలో ఒకటి ఉంటుంది. మెమో వచ్చాక దిద్దించుకోవాలంటే నానా తిరుగుడు. అందుకే అందరినీ వచ్చే ఆదివారం ఆ రెండు కాగితాలూ, ఎత్తి రాసిన పేజీలూ తెమ్మన్నాను.